ఇంగ్లీషు వాక్యంలో పేరెక్కడ, పనెక్కడ?

(కువైట్‌లోని తెలుగు తరగతి విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు తరగతిలో ఇంగ్లీషు వ్యాకరణం గురించి మాట్లాడబోతున్నానంటే మీకు వింతగా ఉండవచ్చు. "వారానికి ఒక్క పూట తెలుగు చదువుకుందామని వస్తే, ఇక్కడ కూడా ఇంగ్లీషేనా?" అని వెనుక బల్ల మీదివారు అప్పుడే గుసగుసలాడుకుంటున్నారు. కాస్త ఓపిక పట్టండి. ఒక భాష నడక తెలియాలంటే దాని పక్కన మరొక భాషను నిలబెట్టి చూడడం మంచి పద్ధతి. ఆ సదుపాయం మీకున్నంతగా ఊళ్లో ఉన్న మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు లేదు. మీకు బడిలో ఇంగ్లీషు, వీధిలో అరబ్బీ, ఇంట్లో తెలుగు. ఈ మూడూ మూడు వేర్వేరు కుటుంబాల భాషలు. ఇంగ్లీషు ఇండో-యూరోపియన్ కుటుంబానిది, అరబ్బీ సెమిటిక్ కుటుంబానిది, తెలుగు ద్రావిడ కుటుంబానిది. మూడు కుటుంబాలవారు ఒకే పని మూడు రకాలుగా చేస్తుంటే పక్కన కూర్చుని చూడడం సరదాగా ఉంటుంది కదా!

మొదట పేర్ల సంగతి చూద్దాం. మనం నామవాచకం అంటాం. నామం అంటే పేరు. ఇంగ్లీషువారి నౌన్ అనే మాట లాటిన్‌లోని నోమెన్ నుంచి వచ్చింది. దానికీ పేరు అనే అర్థం. అరబ్బీ వ్యాకరణంలో దీన్ని ఇస్మ్ అంటారు. ఇక్కడి దరఖాస్తు కాగితాల మీద పేరు రాయవలసిన చోట అచ్చువేసి ఉండే మాట అదే. ఒకరినొకరు అడగకుండానే ముగ్గురూ ఒకే పేరు పెట్టారు. క్రియ దగ్గరకు వచ్చేసరికి దారులు విడిపోయాయి. క్రియ అంటే చేయడం. అరబ్బీలో ఫిఅల్ అంటారు, దానికి కూడా చేయడమనే అర్థం. ఇంగ్లీషువారి వెర్బ్‌కు మూలమైన లాటిన్ పదానికి మాత్రం ఉత్త 'మాట' అని అర్థం. వాక్యంలో ఎన్ని మాటలున్నా అసలైన మాట ఇదేనని ఆ పూర్వులకు తోచింది కాబోలు.

ఈ విభజన ఇంగ్లీషువారితో మొదలైనది కాదు. మన దేశంలో ఎంతో పూర్వమే యాస్కుడు తన నిరుక్తంలో మాటలను నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగుగా విడదీశాడు. ఆఖ్యాతం అంటే క్రియ. కువైట్‌కు ఉత్తరాన, సరిహద్దుకు అవతల బస్రా నగరం ఉంది. క్రీస్తు శకం 8వ శతాబ్దంలో అక్కడ చదువుకున్న సీబవైహి అనే పండితుడు అరబ్బీ మాటలను మూడుగా విభజించి గొప్ప వ్యాకరణం రాశాడు. ఆ గ్రంథాన్ని అల్-కితాబ్, అనగా 'పుస్తకం' అనే పిలుస్తారు. అరబ్బీ వ్యాకరణాలన్నింటికీ అదే పునాది. విశేషమేమంటే ఆయన అరబ్బు కాడు, పారసీకుడు. మన భాషకు కూడా అటువంటి పరాయి మిత్రుడు ఒకడున్నాడు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకుని, 1840లో తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చువేయించాడు. మీలో కడప జిల్లావారు చాలామంది ఉన్నారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటనే ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉంది. సెలవులకు వెళ్లినప్పుడు చూసి రండి.

ఇక అసలు విషయానికి వద్దాం. "మనిషికి, చోటుకు, వస్తువుకు పేరు నామవాచకం, పనిని తెలిపేది క్రియ." బడిలో ఇలా వల్లించి ఉంటారు. తప్పేమీ లేదు. కాని ఇంగ్లీషు విషయంలో ఈ సూత్రం సగం దూరమే తీసుకుపోతుంది. వాటర్ అనే మాట నామమా, క్రియా? నామమని అందరూ చేతులెత్తారు. మరి "ప్లీజ్ వాటర్ ద ప్లాంట్స్" అన్నప్పుడో? అక్కడ వాటర్ అంటే నీళ్లు కాదు, నీళ్లు పోయడం. బుక్ అంటే పుస్తకం. వేసవి సెలవులకు నాన్నగారు విమానం టికెట్లు బుక్ చేసినప్పుడు అదే మాట క్రియ అయింది. ప్లే, వాక్, స్లీప్, హెల్ప్, రెయిన్, ఫోన్, లవ్ – వీటిలో దేన్ని అడిగినా "వాక్యం చూపించండి, అప్పుడు చెబుతాను" అనడమే సరైన జవాబు.

తెలుగులో ఇలా జరగదు. ఆట వేరు, ఆడు వేరు. పాట, పాడు; నడక, నడుచు; రాత, రాయు; తిండి, తిను. మాట చెవిన పడగానే అది పేరో పనో మనకు తెలిసిపోతుంది. తుమ్ము, దగ్గు, ఉరుము వంటి మాటలు కొన్ని మాత్రం రెండు పక్కలా తిరుగుతాయి. అయినా చిక్కు లేదు. "దగ్గు తగ్గింది" అంటే పేరు, "దగ్గాడు" అంటే పని. వెనుక అంటుకున్న చిన్న తోకే చెప్పేస్తుంది.

అరబ్బీ దారి మరొకటి. అక్కడ మూడు హల్లులు మూలధనం. క-త-బ అనే మూడింటిని తీసుకోండి. ఒక మూసలో పోస్తే కతబ, రాశాడు. మరొక మూసలో పోస్తే కితాబ్, పుస్తకం. ఇంకొక మూసలో మక్తబ్, రాసుకునే చోటు, అంటే ఆఫీసు. కాతిబ్ అంటే రాసేవాడు. హల్లులు మారలేదు, మూస మారింది. ఆ మూసను బట్టే అది పేరో పనో అరబ్బుకు తెలుస్తుంది.

మరి ఇంగ్లీషులో తోకా లేదు, మూసా లేదు. మాట ఎవరో ఎలా తెలుస్తుంది? కూర్చున్న చోటును బట్టి తెలుస్తుంది. పెళ్లిపందిట్లో పీటల మీద కూర్చున్నవారు పెళ్లికొడుకు, పెళ్లికూతురు అని ఎవరూ చెప్పకుండానే మనకు తెలియడం లేదా? అలాగే.

ఒక ఉదాహరణ. ఇక్కడ ప్రతి వీధిలోనూ పిల్లులు ఉంటాయి కాబట్టి పిల్లినే తీసుకుందాం. "ద కాట్ సా ద బాయ్." పిల్లి పిల్లవాణ్ణి చూసింది. ఇప్పుడు రెండు పేర్లను అటుదిటు చేయండి. "ద బాయ్ సా ద కాట్." ఒక్క అక్షరం మారలేదు, అర్థం తలకిందులయింది. క్రియకు ముందు కూర్చున్నవాడు కర్త, తరువాత కూర్చున్నవాడు కర్మ. కుర్చీ మారితే ఉద్యోగం మారుతుంది. తెలుగులో చూడండి. "పిల్లి పిల్లవాణ్ణి చూసింది." "పిల్లవాణ్ణి పిల్లి చూసింది." "చూసింది పిల్లి, పిల్లవాణ్ణి!" ఎలా తిప్పినా చూసింది పిల్లే. 'పిల్లవాణ్ణి' అన్న మాటకు ద్వితీయా విభక్తి అంటుకుని ఉంది కాబట్టి అది ఎక్కడ కూర్చున్నా కర్మే. ఉద్యోగం దుస్తుల మీద కుట్టి ఉన్నవాడికి కుర్చీతో పని లేదు. ప్రాణం లేని వస్తువైతే మనం ఆ ప్రత్యయం కూడా వదిలేస్తాం. "పిల్లవాడు పుస్తకం చదివాడు" అంటాం. పుస్తకం లేచి పిల్లవాణ్ణి చదువుతుందన్న భయం లేదు కదా!

ఇంగ్లీషు మొదటినుంచీ ఇలా లేదు. సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి, క్రియలకు పొడుగాటి తోకలు ఉండేవి. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును జయించారు. ఆ తరువాతి మూడు నాలుగు శతాబ్దాల్లో, కొంత ఆ కలగాపులగం వల్ల, కొంత పదాంతంలో పలుకు దానంతటదే బలహీనపడడం వల్ల, ఆ ప్రత్యయాలు అరిగిపోయాయి. తోక పోయాక కుర్చీ మీద ఆధారపడక తప్పలేదు. పాత నగల పెట్టెలో మిగిలిన ఒకటి రెండు ఉంగరాల్లాగా సర్వనామాల్లో మాత్రం గుర్తులు మిగిలాయి. ఐ–మీ, హీ–హిమ్, దే–దెమ్. నేను–నన్ను, అతడు–అతణ్ణి, వారు–వారిని అన్నట్లే.

క్రియ తోకల్లో కూడా ఒకటి మిగిలింది. మీ పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోగొట్టేది అదే. ఎస్ అనే అక్షరం. నామవాచకానికి ఎస్ చేరిస్తే బహువచనం. క్రియకు ఎస్ చేరిస్తే ఏకవచనం! ఇది తిక్క పని అని నాకు కూడా అనిపిస్తుంది గాని, అడగడానికి ఎవరూ లేరు. కువైట్ రాజముద్రను మీరు ప్రభుత్వ కార్యాలయాల మీద చూసి ఉంటారు. అందులో తెరచాపలు ఎత్తిన ఓడ ఉంది. దాన్నే తీసుకోండి. "ద షిప్ సెయిల్స్." ఓడ సాగుతుంది. "ద షిప్స్ సెయిల్." ఓడలు సాగుతాయి. ఎస్ మొదటి వాక్యంలో క్రియకు ఉంది, రెండో వాక్యంలో నామానికి వెళ్లింది. వర్తమానకాలంలో సాధారణంగా ఆ ఒక్క ఎస్‌ను కర్త, క్రియ ఇద్దరూ పంచుకుంటారు. ఒకరి దగ్గర ఉంటే రెండోవారి దగ్గర ఉండదు. పైగా సెయిల్ అంటే తెరచాప అని కూడా అర్థం. "ద షిప్స్ సెయిల్స్ ఆర్ వైట్" అంటే ఓడ తెరచాపలు తెల్లగా ఉన్నాయని. ఇక్కడ సెయిల్స్ పేరు, ఆర్ అనేదే క్రియ.

ఈ ఎస్ ఎంత పనిచేస్తుందో చూపించడానికి ఒక వార్తాపత్రిక శీర్షిక చెబుతాను. ఇది నేను మీకోసం కట్టినదే గాని, కువైట్ టైమ్స్ వంటి ఇక్కడి ఇంగ్లీషు పత్రికల్లో ఇటువంటివి వస్తూనే ఉంటాయి. రాసుకోండి: "ఆయిల్ ప్రైస్ రైజ్ టాక్స్ ఎండ్."

అయిదు మాటలు. మధ్యలో ద లేదు, ఆఫ్ లేదు, ఈజ్ లేదు. అయిదింటిలో ప్రతిదీ నామం కాగలదు, ప్రతిదీ క్రియ కూడా కాగలదు. ఆయిల్ అంటే నూనె. తలుపు బందులకు నూనె పెట్టడం కూడా. ప్రైస్ అంటే ధర, ధర కట్టడం. రైజ్ అంటే పెరుగుదల, పెరగడం. టాక్ అంటే మాట, మాట్లాడడం. ఎండ్ అంటే చివర, ముగియడం. మరి ఇందులో క్రియ ఏది?

దొంగను పట్టినట్లు ఒక్కొక్కరినే అడుగుదాం. ఆయిల్ క్రియ అయితే "నూనె పెట్టు" అని ఆజ్ఞ అవుతుంది. ధరకు నూనె పెట్టేవారు ఎవరూ లేరు, వదిలేయండి. ప్రైస్ క్రియ అయితే కర్త ఆయిల్ కావాలి. అది ఏకవచనం, కాబట్టి క్రియకు ఎస్ రావాలి. రాలేదు, వదిలేయండి. రైజ్ క్రియ అయితే కర్త ప్రైస్. ధర ఒక్కటే. "ప్రైస్ రైజెస్" అని ఉండాలి. లేదు. ఇక టాక్స్. దీనికి ఎస్ ఉంది. క్రియ కావచ్చునా? అప్పుడు కర్త రైజ్. పెరుగుదల మాట్లాడుతుందా? మాట్లాడదు. కాబట్టి టాక్స్‌లోని ఎస్ బహువచనం. చర్చలు. చర్చలు అనేకం కాబట్టి వాటి క్రియకు ఎస్ ఉండకూడదు. ఎండ్‌కు ఎస్ లేదు. దొరికింది! ఎండ్ క్రియ. మిగతా నాలుగూ పేర్లే. చమురు ధర పెరుగుదల మీద చర్చలు ముగిశాయి.

ఇక్కడ తెలుగువారికి కలిసివచ్చే సంగతి ఒకటుంది. నాలుగు పేర్లు వరుసగా వస్తే వాటిలో పెద్ద ఎవరు? ఇంగ్లీషులో చివరిదే పెద్ద, ముందున్నవన్నీ దాని విశేషణాలు. మన సమాసాల్లో కూడా చాలావరకు అంతే. "చమురు ధరల పెంపు చర్చలు" అంటే చర్చలే, చమురు కాదు. "బడి గంట" అంటే గంటే గాని బడి కాదు. అరబ్బీలో ఇది తిరగబడుతుంది. సిఅర్ అన్-నఫ్త్ అంటారు. మాటకు మాట చెప్పుకుంటే "ధర, చమురుది" అని. కాబట్టి ఇంగ్లీషు శీర్షిక అర్థం కానప్పుడు మనసులో తెలుగు సమాసం కట్టి చూడండి. తెలుగు అడ్డొస్తుందని ఎవరన్నా, ఈ ఒక్క చోట మాత్రం అది చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది.

కొన్ని మాటలను కుర్చీతో పాటు చెవి కూడా పట్టిస్తుంది. దగ్గు మందు సీసా మీద "షేక్ వెల్ బిఫోర్ యూస్" అని ఉంటుంది. బిఫోర్ అనే మాట తరువాత వచ్చింది కాబట్టి అది పేరు, దాన్ని చివర స-కారంతో పలకాలి. "యూజ్ ఎ స్పూన్" అన్నప్పుడు అదే స్పెల్లింగు క్రియ, దాన్ని జ-కారంతో పలకాలి. ఎక్స్‌పోర్ట్ అనే మాటలో పేరైతే మొదట ఒత్తు, క్రియైతే చివర ఒత్తు. కువైట్‌లో 1938లో బుర్గాన్ దగ్గర చమురు పడింది. 1946లో మొదటిసారి ఓడకెక్కి విదేశానికి వెళ్లింది. ఆ సంగతి చెబుతూ "ద ఎక్స్‌పోర్ట్ బిగాన్" అంటే నోరు ముందు భాగాన్ని గట్టిగా పట్టుకుంటుంది. "కువైట్ ఎక్స్‌పోర్ట్స్ ఆయిల్" అంటే వెనుక భాగాన్ని పట్టుకుంటుంది. రికార్డ్, ప్రెజెంట్, ఆబ్జెక్ట్ కూడా ఈ కోవలోవే. మీ ఇంగ్లీషు ఉపాధ్యాయులను పలికించి వినండి.

ఇప్పుడు రోడ్డు మీదికి పదండి. ఎర్రటి ఎనిమిది పలకల బోర్డు మీద రెండు భాషల్లో ఉంటుంది. ఇంగ్లీషులో స్టాప్, అరబ్బీలో కిఫ్. స్టాప్ అనే మాట బోర్డు మీద క్రియ, బస్ స్టాప్‌లో పేరు. కిఫ్ మాత్రం క్రియే, ఆగు అని ఆజ్ఞ. ఆగడం అనే పేరు కావాలంటే వుకూఫ్, ఆగే చోటు కావాలంటే మవ్‌కిఫ్. దుకాణం తలుపు మీద పుష్, పుల్ అని ఉంటాయి. ఊళ్లో బ్యాంకు తలుపు మీద చూశారా? "తొయ్యండి", "లాగండి" అని ఉంటుంది. తొయ్యి అని ఎవడూ రాయడు. తెలుగులో తలుపు కూడా మనల్ని మీరు అనే పిలుస్తుంది! పుష్ అనే ఆ చిన్న మాట ఎవరితో చెబుతున్నదీ చెప్పదు, గౌరవం ఉందో లేదో చెప్పదు. అందుకే ఇంగ్లీషువారు ప్లీజ్ అనే మాటను అదనంగా అతికించుకోవలసి వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

బయటికి పోయే దారి మీద ఖురూజ్, లోపలికి వచ్చే దారి మీద దుఖూల్ అని అరబ్బీలో ఉంటుంది. ఈ రెండింటి బంధువులు పారసీకం, ఉర్దూల మీదుగా ఎప్పుడో మన ఇంటికి చేరారు. ఖ-ర-జ అంటే బయటికి పోవడం. జేబులోంచి బయటికి పోయేది ఖర్చు. ద-ఖ-ల అంటే లోపలికి రావడం. కాగితం ఆఫీసు లోపలికి చేరితే దాఖలు. ఊళ్లో అమ్మమ్మ "ఖర్చులు పెరిగిపోయాయి" అన్నప్పుడు ఆవిడకు తెలియకుండానే మీ వీధి బోర్డు మీది మాట అంటున్నది.

ఇంగ్లీషు క్రియలో మనవాళ్లు ఎక్కువగా తడబడే చోటు ఈజ్. "నా పేరు రవి." ఇందులో క్రియ లేదు. అయినా నిండు వాక్యం. అరబ్బీలో కూడా అంతే. ఇస్మీ రవి. ఈజ్ అనే మాటకు అక్కడ చోటే లేదు. అలా నామాలతోనే నడిచే వాక్యాలకు అరబ్బీ పండితులు ఒక ప్రత్యేకమైన పేరే పెట్టారు. ఇంగ్లీషు మాత్రం క్రియ లేనిదే వాక్యాన్ని గడప దాటనివ్వదు. అందుకని "దిస్ మై బుక్" అనకూడదు, ఈజ్ ఉండాలి. దీనికి తిరుగు తప్పు కూడా ఒకటి మీ నోట వింటున్నాను. "ఇది నా పుస్తకం ఉంది" అంటున్నారు. ఇంగ్లీషు ఈజ్, హిందీ హై కలిసి మీ తెలుగులోకి ఉంది అనే మాటను తోస్తున్నాయి. "పుస్తకం బల్ల మీద ఉంది" అనండి, బాగుంటుంది. "ఇది నా పుస్తకం", అక్కడితో ఆగండి.

క్రియ ఒక్కటే చాలదు ఇంగ్లీషుకు, దాని ముందు కుర్చీ కూడా ఖాళీగా ఉండకూడదు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల సెంటీగ్రేడు వేడి నమోదయింది. ఆ సంగతి చెప్పవలసి వస్తే "ఇట్ వాజ్ హాట్" అంటారు. ఇట్ అంటే ఏది? ఏదీ కాదు. కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని కూర్చోబెట్టిన బొమ్మ. మనకు ఆ అవసరం లేదు. "ఎండ మండిపోయింది" అంటాం, ఎండే కర్త. మరీ ఉక్కగా ఉంటే "ఉక్కపోస్తోంది" అని ఒక్క మాటలో ముగిస్తాం.

కర్త ఎవరు అన్న విషయంలో రెండు భాషల ఊహలే వేరు. ఇంగ్లీషువాడు జలుబును తానే వెళ్లి పట్టుకుంటాడు. ఐ కాట్ ఎ కోల్డ్ అంటాడు. మనకు జలుబు చేస్తుంది, జ్వరం వస్తుంది, ఆకలి వేస్తుంది, భయం వేస్తుంది. అవన్నీ కర్తలు. మనం పక్కన "నాకు" అని నిలబడి ఉంటాం. "ఐ నో" అని అతడు ముందుకు వస్తాడు, మనకు "తెలుసు" అంతే. కాబట్టి "ఐ యామ్ హంగ్రీ"ని మాటకు మాట మార్చి "నేను ఆకలిగా ఉన్నాను" అంటే అమ్మకు అర్థమవుతుంది గాని, అన్నం వడ్డిస్తూ ఒకసారి మీ ముఖం చూస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా ఇంగ్లీషు కోసం. ఇప్పుడు నేను అసలు చెప్పదలచినది.

కేమ్ అనే క్రియను తీసుకోండి. ఐ కేమ్, యూ కేమ్, హీ కేమ్, షీ కేమ్, ఇట్ కేమ్, దే కేమ్. తాతగారు వచ్చినా కేమ్, పిల్లి వచ్చినా కేమ్. కుర్చీలో కూర్చున్నవాడు వేరే ఉన్నాడు కాబట్టి క్రియకు ఏమీ చెప్పవలసిన అవసరం లేదు. తెలుగులో చూడండి. వచ్చాను, వచ్చాం, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. ఎవరు, ఒకరా, పలువురా, మనిషా, వస్తువా, గౌరవించవలసినవారా – ఇదంతా ఆ తోకలో ఉంది. అందుకే కర్త లేకుండా "వచ్చారు!" అని ఎవరైనా కేకవేస్తే ఇల్లంతా లేచి నిలబడుతుంది. మీలో రాయలసీమవారు వచ్చినాడు అంటారు, కోస్తావారు వచ్చాడు అంటారు, తెలంగాణవారు వచ్చిండు అంటారు. తోక రూపం వేరు, చేసే పని ఒకటే. ఏదీ తప్పు కాదు. మీ ఇంట్లో ఏది అంటారో అదే అనండి.

(మధ్యలో ఒక మాట. ఇంగ్లీషు పుస్తకంలో ఫస్ట్ పర్సన్ అంటే నేను. తెలుగు పుస్తకంలో ప్రథమ పురుష అంటే అతడు, ఆమె, అది, వారు. మనం నేనును చివర నిలబెట్టి ఉత్తమ పురుష అంటాం. అరబ్బీ పాఠాల్లో కూడా క్రియారూపాలు 'అతడు'తోనే మొదలవుతాయి. పరీక్షలో ఈ రెండింటినీ కలిపేయకండి.)

ఇక్కడ పుట్టి, రోజంతా ఇంగ్లీషులో మాట్లాడే పిల్లలకు ముందు జారిపోయేది ఈ తోకే. పేర్లు పోవు. అన్నం, పప్పు, చెప్పులు, గొడుగు అన్నీ గుర్తుంటాయి. "తాతయ్య వచ్చింది" అంటారు. "పిల్లులు వచ్చారు" అంటారు. "అమ్మమ్మా, నువ్వు తిన్నాడా?" అన్నవారు కూడా ఉన్నారు. అవతల ఫోనులో రాయచోటిలోనో రాజమహేంద్రవరంలోనో కూర్చున్న పెద్దలు ముద్దుగా నవ్వుతారు, పక్కవారిని పిలిచి మళ్లీ అనిపిస్తారు. వారికి ముద్దే. పిల్లవాడికి మాత్రం ముఖం చిన్నబోతుంది. మరుసటి వారం నుంచి "హలో, ఐ యామ్ ఫైన్" అని ఫోను అమ్మ చేతికిస్తాడు. అలా ఇస్తూ ఇస్తూ నాలుగైదేళ్లు గడిచాక, ఆ తాతయ్యకు, ఆ మనుమడికి మధ్య మాట్లాడుకోవడానికి భాషే ఉండదు. ఈ గదిలో ఉన్న పెద్దవారితో కూడా చెబుతున్నాను. దయచేసి నవ్వకండి. ఆ తప్పు అజాగ్రత్త వల్ల వచ్చినది కాదు. తోక లేని భాషలో రోజంతా ఆలోచించే బుర్ర, తోక ఉన్న భాషలోకి దాటేటప్పుడు పడే తడబాటు అది. సరైన మాట మీరు ఒకసారి అని వినిపించి, సంభాషణ సాగనివ్వండి. "ఓహో, తాతయ్య వచ్చారా? ఏం తెచ్చారు?" అంటే చాలు. పాఠం అందులోనే ఉంది.

తోకను నిలబెట్టుకునే ఉపాయం తెలుగే ఒకటి కనిపెట్టింది. ఇంగ్లీషు క్రియలు మన ఇంట్లోకి వస్తే, మనం వాటిని క్రియలుగా రానివ్వం. గుమ్మం దగ్గరే నామవాచకంగా మార్చి, పక్కన చేయు అనో అవు అనో కాపలా పెడతాం. డ్రైవ్ చేస్తున్నాడు. ట్రై చేశాను. ఫోన్ చేశారు. బస్సు స్టార్ట్ అయింది. దాఖలు చేయు, ఖాళీ చేయు అని అరబ్బీ మాటలకు పూర్వం చేసినదీ ఇదే. కాబట్టి మీకు అసలైన తెలుగు క్రియ గుర్తు రాకపోతే కంగారు పడకండి. "తాతగారు నిన్న హాస్పిటల్‌లో చెకప్ చేయించుకున్నారు" అంటే ఇంగ్లీషు మాటలు రెండున్నా అది తెలుగు వాక్యమే, తోక సరిగ్గా ఉంది. "తాతగారు నిన్న వైద్యశాలకు వెళ్లింది" అంటే మాటలన్నీ మనవే, వాక్యం మాత్రం కుంటుతోంది. రెండింటిలో ఏది నయమని అడిగితే, నేను మొదటిదే నయమంటాను. కొందరు పండితులు ఒప్పుకోకపోవచ్చు.

వచ్చే శుక్రవారానికి మీకొక పని. ఇంటికి వచ్చే ఇంగ్లీషు పత్రికలోంచి అయిదు శీర్షికలు కత్తిరించండి. ప్రతిదానిలో క్రియ ఏదో, ఎస్ ఎవరి దగ్గర ఉందో చూసి కింద గీత గీయండి. తరువాత ఆ అయిదు వార్తలనూ ఊళ్లో తాతగారికో, అవ్వకో, జేజికో ఫోనులో తెలుగులో చెప్పండి. ఎవరెవరు ఏమేం చేశారో, ఏవేవి ఏమయ్యాయో చెప్పవలసి వస్తుంది కాబట్టి తోకలన్నీ వాటంతటవే బయటికి వస్తాయి. వారు ఎదురు ప్రశ్నలు ఏమడిగారో పక్కన రాసుకుని రండి. తరగతిలో చదువుదాం.